పావురాల పేలకు రెండు సేవలు: గూడు చూడనిది ఒకటి, గూటి దగ్గరే మొదలుపెట్టినది ఒకటి

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండే మా ఇంట్లో ఈ ఏడాది మార్చి రెండో వారం నుంచి మే నెలాఖరు దాకా పావురాల పేలు, అంటే పక్షి గూళ్లలో పెరిగి నెత్తురు తాగే సన్నటి జీవులు, ఉన్నాయి. ఆ రోజుల్లో రెండు సేవలను డబ్బిచ్చి పిలిపించుకున్నాం. మొదటిది పురుగుల మందు కొట్టే ఒక సంస్థ. రెండోది బాల్కనీలకు పావురాల వలలు కట్టే ఇద్దరు మనుషుల చిన్న వ్యాపారం. మొదటిదానికి 4,200 రూపాయలు, రెండోదానికి 4,720 రూపాయలు అయ్యాయి. ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు గానీ ఫలితంలో తేడా చాలా ఉంది, అది ఎక్కడ వచ్చిందో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి సేవలు ఊరూరా వేర్వేరు పేర్లతో ఉంటాయి. దురదతో ఇంటిల్లిపాదికీ నిద్ర లేని రోజుల్లో ఫోన్ చేసేవారికి సంస్థ పేరుకన్నా, వచ్చినవారిని ఏమి అడగాలో, వారిచేత ఏమి చేయించకూడదో తెలియడం ఎక్కువ అవసరం.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ముందుగా వాడి మెడ వెనుక, నడుము చుట్టూ, నిక్కరు పట్టీ ఒరుసుకునే చోట చిన్న చిన్న ఎర్రటి దద్దుర్లు లేచాయి. దోమలనుకుని కిటికీలకు జాలీ సరిచేయించాం. వారం తిరిగేసరికి నా మోచేతుల మడతల్లో కూడా అవే దద్దుర్లు కనిపించాయి. చూపించుకున్న డాక్టరు గజ్జి అయి ఉండవచ్చని, అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా ఇంట్లో అందరూ రాసుకోవాలని చెప్పారు. గజ్జికి అది సరైన మందే, మేము చెప్పినట్టే రాసుకున్నాం కూడా. అయితే గజ్జి పురుగు చర్మంలోకి తొలుచుకుపోయి అక్కడే గుడ్లు పెడుతుంది, వేళ్ల సందుల్లోనూ మణికట్టు దగ్గరా ఎక్కువగా కనిపిస్తుంది. మా ఎవరి వేళ్ల సందుల్లోనూ ఏమీ లేదు. పైగా వాడు తన గదిలో పడుకున్న రాత్రుల్లోనే కొత్త దద్దుర్లు లేచేవి, హాల్లో పడుకున్న రోజు లేచేవి కావు. ఆ తేడాను మేము ఆలస్యంగా గమనించాం.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు వాడు గోక్కుంటూ లేస్తే ఫోన్ లైటు వేసి మంచం చూశాను. తెల్లటి దిండు గలీబు మీద దుమ్ము రేణువులాంటిది ఒకటి ఉంది. ఊదితే ఎగిరిపోవాలి గానీ అది కదులుతోంది, అదీ గలీబు కుట్టు వెంబడి తిన్నగా. ఆవగింజలో సగం కూడా ఉండదు. బొటనవేలితో అదిమితే గుండుసూది మొనతో పెట్టినంత ఎర్రటి మరక మిగిలింది. ఆ రక్తం మా అబ్బాయిదో పావురానిదో అప్పుడు ఆలోచించలేదు, ఆ గదిలో పావురం అనే మాటే మా మనసులో లేదు. మర్నాడు అలాంటిదే ఒకదాన్ని సెల్లోటేపుకు అంటించి భూతద్దం కింద చూస్తే ఎనిమిది కాళ్లు కనిపించాయి. కీటకాలకు ఆరు కాళ్లు. ఎనిమిది కాళ్లంటే సాలెపురుగు, తేలు, గోమారి వీటి బంధువన్నమాట. ఆ టేపు ముక్కను పారేయకుండా చిన్న డబ్బాలో దాచాను, తరువాత అదే అక్కరకొచ్చింది.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కు ఉంది. ఈ ఎనిమిది కాళ్ల సన్నటి జీవులను ఇంగ్లీషులో మైట్స్ అంటారు. వ్యవసాయంలో మన రైతులు వాటినే నల్లి అంటారు, మిరపకు తెల్లనల్లి, బెండకు ఎర్రనల్లి. అదే మాటను ఇంట్లో అంటే మంచంలో ఉండే నల్లి అని అర్థం. మంచపు నల్లి ఆరు కాళ్ల పురుగు, పెద్దదైతే అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది, మనిషి నెత్తురు మీదే బతికి పరుపు కుట్లలోనే గుడ్లు పెడుతుంది. నేను మొదటి సంస్థకు ఫోన్ చేసి నల్లి లాంటివి ఉన్నాయని చెప్పగానే అవతలివారు మంచపు నల్లుల ప్యాకేజీ రాసుకున్నారు. నా మాట వల్ల పొరపాటు జరిగి ఉంటే ఇంటికి వచ్చినప్పుడైనా దిద్దుకోవచ్చు. మొదటి సేవ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది.

వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పరుపు లేపి చూడలేదు. టేపు ముక్క చూపిస్తే ఒకతను చూసి, నల్లి పిల్లలేనని చెప్పి పంపు అందుకున్నాడు. మంచాల సందుల్లో, పరుపు అంచుల్లో, అలమరల వెనుక, గోడ వార మందు కొట్టి ఇరవై నిమిషాల్లో ముగించారు. ఏ గదిలో ఎక్కువగా కుడుతున్నాయి, ఎప్పటినుంచి, కిటికీ బయట ఏముంది, ఇంట్లో కోళ్లు గానీ చిలుకలు గానీ ఉన్నాయా అని ఒక్క ప్రశ్న అడగలేదు. హాల్లో చేపల తొట్టి ఉందని మేమే గుర్తుచేసి దుప్పటి కప్పి గాలి మోటారు ఆపాం. వారు వాడేది పైరెథ్రాయిడ్ జాతి మందు, అది చేపలకు అతి తక్కువ మోతాదులో కూడా ప్రాణాంతకం. ఆ సంగతి మందు కొట్టేవారు ముందుగా చెప్పాలి గానీ ఇంటివారు కనుక్కునే పరిస్థితి ఉండకూడదు. రెండు వారాల తరువాత ఒప్పందం ప్రకారం రెండోసారి వచ్చి అదే పని మళ్లీ చేశారు. మందు కొట్టిన మూడు నాలుగు రోజులు కాస్త తెరిపి అనిపించేది, అయిదో రోజుకు మళ్లీ కొత్త దద్దుర్లు లేచేవి. ఫోన్ చేసి చెబితే మూడోసారికి విడిగా డబ్బు కట్టాలన్నారు. చిన్నపిల్లవాడు పడుకునే పరుపు మీద ఆ మందు రెండుసార్లు కొట్టించినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఏప్రిల్ మూడో వారంలో మా అత్తగారు వేసవికి మా ఇంటికి వచ్చారు. ఆవిడది అమలాపురం దగ్గర పల్లె, ముప్పై ఏళ్లు కోళ్లు పెంచిన మనిషి. డబ్బాలోని టేపు ముక్కను కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో చూసి, "ఇవి నల్లులు కావమ్మా, కోడిపేలు. పొదుగు కోడి లేచిపోయాక గంప దగ్గరికెళితే చేతుల మీదికి ఇలాగే పాకుతాయి" అన్నారు. వారి ఊళ్లో కోడిని పొదగేసేటప్పుడు గంపలో బూడిద పోసి పైన వావిలాకు పరిచేది ఇందుకేనట. మన ఇంట్లో కోళ్లెక్కడివి అత్తయ్యా అని నేను అంటే, కోడి కాకపోతే ఏ పిట్టో ఉంటుంది, చూడమన్నారు. అబ్బాయి గది కిటికీ తెరిచి మెడ బయటికి పెట్టి చూస్తే ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కూ గోడకూ మధ్య జానెడు ఖాళీలో పావురం కూర్చుని ఉంది. దాని కింద నాలుగు పుల్లలు, కరెంటు తీగ ముక్క ఒకటి, మిగతాదంతా గట్టిపడిన రెట్ట. ఆ గూటికి సరిగ్గా రెండు జానల పైన ఏసీ రాగి గొట్టం గోడలోంచి లోపలికి వచ్చే రంధ్రం ఉంది. ఏసీ బిగించినవారు దాన్ని సిమెంటుతో మూయకుండా థర్మోకోల్ ముక్క కుక్కి వదిలేశారు. ఆ రంధ్రం లోపలివైపున, దాని కిందే, మా అబ్బాయి తలగడ.

పక్షుల పేల సంగతి తెలుసుకున్నాక అప్పటిదాకా జరిగినదంతా వరసగా అర్థమైంది. డెర్మనిసస్ గాలినే, ఆర్నిథోనిసస్ బర్సా అనే మైట్ జాతులు పక్షి నెత్తురు తాగి గూటిలో గుడ్లు పెడతాయి, వేడి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పేనుగా మారడానికి వారం చాలు. పావురం ఒక ఈతకు రెండు గుడ్లు పెట్టి దాదాపు పద్దెనిమిది రోజులు పొదుగుతుంది, పిల్లలు నెల రోజులకు అటూ ఇటూగా ఎగిరిపోతాయి. అన్నాళ్లు గూటిలోని పేలకు కదలని తిండి ఉంటుంది, అవి వేలల్లో పెరుగుతాయి. పిల్లలు ఎగిరిపోయిన రోజు నుంచి ఆ పేలు ఆకలితో వెచ్చదనం వెతుక్కుంటూ దగ్గరి సందుల్లోంచి మనుషుల గదుల్లోకి వస్తాయి. మనల్ని కుడతాయి గానీ మన నెత్తురు మీద సంతానం వృద్ధి చేసుకోలేవు, మన ఒంటి మీద కాపురం ఉండలేవు. అంటే ఇంట్లో ఎన్నిసార్లు మందు కొట్టినా చచ్చేది ఆ రోజు లోపలికి వచ్చినవి మాత్రమే, వాటి పుట్టిల్లు గోడ బయట భద్రంగా ఉంటుంది. మార్చిలో మా ఇంట్లో మొదలైనది పాత ఈత పిల్లలు ఎగిరిపోయినప్పుడే. తల్లి అదే గూటిలో మళ్లీ గుడ్లు పెట్టి పొదుగుతున్న రోజుల్లో మేము పరుపుల మీద మందు కొట్టించుకుంటున్నాం.

రెండో సేవను మా అపార్ట్‌మెంట్ కాపలాదారు చెప్పాడు. పెద్దాయన ఒకరు, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు ఒకడు. ఫోన్‌లోనే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న గూట్లో గుడ్లున్నాయా, పిల్లలున్నాయా అని. వచ్చాక లోపలి గదికన్నా ముందు కిటికీ బయట చూశారు, తరువాత బాత్రూమ్ డక్టు, వంటింటి బాల్కనీ కూడా చూసి, ఉన్న గూడు ఇదొక్కటేనని తేల్చారు. పిల్లలు రెండూ పసుపు నూగుతో, కళ్లు తెరిచి, పది రోజుల వయసులో ఉన్నాయి. ఆ రోజే తీసేస్తారేమోనని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే తీసేయాలనే కోరుకున్నాను. ఆయన "పిల్లల్ని ఎగిరిపోనియ్యండమ్మా, గూడు ఎక్కడికి పోదు. ఇప్పుడు పిల్లల్ని తీస్తే ఆ పేలన్నీ మీ ఇంట్లకే వస్తయి. ముందు బొక్క మూయాలె" అన్నారు. దయతో చెప్పిన మాటే అయినా అందులో పని తెలిసిన లెక్క కూడా ఉంది. పిల్లలు ఉన్నంతకాలం పేలలో ఎక్కువ భాగం గూటి దగ్గరే ఉంటాయి, ఆ వ్యవధిలో దారులు మూసేస్తే పిల్లలు ఎగిరిపోయిన రోజున వాటికి లోపలికి రావడానికి సందు ఉండదు. మా అత్తగారు ఆ మాట విని తృప్తిపడ్డారు. పక్షి పిల్లల్ని తీసి పారేస్తే ఆవిడ ఆ ఇంట్లో భోజనం చేసేవారు కారని నాకు తెలుసు.

ఆ రోజు ఆయన చేసింది ఒక్కటే పని. థర్మోకోల్ పీకి కవర్లో మూటకట్టి, గొట్టం చుట్టూ రంధ్రాన్ని లోపలా బయటా ఎం-సీల్‌తో మూసి, కిటికీ పక్క అల్యూమినియం చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సన్నటి గీతలో సిలికాన్ పట్టించారు. గది లోపల మందు కొట్టలేదు. ఆ రోజు డబ్బు కూడా తీసుకోలేదు, అంతా చివర్లో లెక్క కట్టుకుందామన్నారు.

తరువాతి మూడు వారాలు ఎలా గడపాలో కూడా ఆయనే చెప్పారు, కొన్ని మేము కలుపుకున్నాం. అబ్బాయి మంచాన్ని గోడకు మూరెడు దూరం జరిపి, దాని నాలుగు కాళ్ల చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు చుట్టాం, దుప్పటి కొసలు నేలకు తగలకుండా పరుపు కిందికి మడిచాం. మూసిన రంధ్రం చుట్టూ, కిటికీ చట్రం చుట్టూ కూడా అదే టేపు చతురస్రంగా అంటించాం. ప్రతి ఉదయం పాలు పొయ్యి మీద పెట్టేలోపు భూతద్దంతో ఆ టేపు చూసి, అంటుకున్న వాటిని లెక్కపెట్టి పుస్తకంలో తేదీ వేసి రాయడం నా పని. పక్కబట్టలు, గలీబులు, రాత్రి బట్టలు రోజూ వాషింగ్ మెషీన్‌లో అరవై డిగ్రీల వేడినీళ్లలో ఉతికి మేడ మీద ఎండలో ఆరేశాం. ఏప్రిల్, మే ఎండ ఈ పనికి దేవుడిచ్చిన సాయం. దిండ్లు, ఉతకలేని బొమ్మలు నల్లటి పాలిథీన్ సంచిలో కట్టి మిట్టమధ్యాహ్నం మేడ మీద పెట్టాం. గోడ వార, కిటికీ గట్టు, మంచం సందులు వాక్యూమ్ క్లీనర్‌తో రోజు విడిచి రోజు తీసి, అందులోని దుమ్మును వెంటనే కవర్లో పోసి ముడివేసి బయటికి పంపాం. ఈ ఆఖరి పని మరిచిపోతే పేలు యంత్రంలోంచి మళ్లీ బయటికి పాకుతాయి. అబ్బాయి రోజూ పడుకోబోయే ముందు స్నానం చేసి ఉతికిన బట్టలు వేసుకునేవాడు. దద్దుర్లకు కాలమైన్ లోషను, దురద మరీ ఎక్కువైన రాత్రి డాక్టరు రాసిచ్చిన సెట్రిజిన్, అంతే.

చేయవద్దని ఆయన గట్టిగా చెప్పినవి కూడా రాయాలి, ఎందుకంటే అవన్నీ నాకు అంతకుముందు ఎవరో ఒకరు చేయమని చెప్పినవే. మంచాలకు కిరోసిన్ తుడవడం నిప్పు ప్రమాదం. గది నిండా కలరా ఉండలు పెడితే పిల్లలకు తలనొప్పి తప్ప పేలకు నష్టం లేదు. బొద్దింకల జెల్లు వీటికి దండగ, నెత్తురు తాగే జీవి ఎరను ముట్టదు. పరుపు మీద, ఒంటి మీద పురుగుమందు చల్లుకోవడం అన్నిటికన్నా చెడ్డది.

పుస్తకంలో ఏప్రిల్ 23న టేపు మీద నలభై ఒకటి ఉన్నాయి. 26న పదిహేడు, మే 2న ఆరు. వారం దాటాక అబ్బాయి ఒంటి మీద కొత్త దద్దురు లేని మొదటి రాత్రి వచ్చింది. గూడు ఇంకా బయట అలాగే ఉంది, పిల్లలు పెరుగుతున్నాయి, మేము మాత్రం లోపల నిద్రపోతున్నాం. అన్ని రోజుల మందు చేయలేని పని వంద రూపాయల ఎం-సీల్ చేసిందని గ్రహించడానికి నాకు ఆ పుస్తకమే సాక్ష్యం.

మే 15న రెండో పిల్ల కూడా ఎగిరిపోయింది. 16న రావాల్సిన పెద్దాయన చెప్పాపెట్టకుండా 18న వచ్చారు. ఆ రెండు రోజుల ఆలస్యం చిన్న విషయం కాదు, ఖాళీ గూటి పేలు కదిలేది సరిగ్గా ఆ రోజుల్లోనే. 17 ఉదయం కిటికీ చట్రం టేపు మీద ఇరవై మూడు కనిపించాయి, సిలికాన్ లేకపోయి ఉంటే అవన్నీ లోపలే ఉండేవి. పావురం మళ్లీ గుడ్లు పెట్టి ఉంటే ఇంకో నెలన్నర ఆగాల్సి వచ్చేది, ఎందుకంటే ఇవి ఏడాది పొడుగునా ఈతలు పెడతాయి.

గూడు తీసిన పద్ధతి మాత్రం చూసి నేర్చుకోదగ్గది. ముందుగా ఏసీ మెయిన్ స్విచ్ ఆపించారు. కుర్రాడు నడుముకు బెల్టు కట్టుకుని, తాడును లోపల గోడ కొక్కేనికి బిగించుకుని గట్టు మీదికి దిగాడు. సబ్బు నీళ్లు కలిపిన స్ప్రే సీసాతో గూటినీ రెట్టనూ బాగా తడిపి పది నిమిషాలు ఆగారు. ఎండిన రెట్టను పొడిగా గోకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, అందులో శిలీంధ్రాలు కూడా ఉంటాయి, తడపడం అందుకే. తడిసిన ముద్దను గరిటెలాంటి రేకుతో గీకి రెండు పొరల పాలిథీన్ సంచిలో వేసి అక్కడికక్కడే ముడివేశారు. సిమెంటు బస్తాలో సగం నిండింది. సంచి లోపలి వైపున బూడిద రంగు ఇసుక పోసినట్టుగా పేలు పాకుతుంటే, ఇన్నాళ్లూ మా అబ్బాయి తలకు మూరెడు దూరంలో ఉన్నది ఇదా అని నాకు కాళ్లలో సత్తువ పోయింది. తరువాత గట్టును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, ఆరాక ఏసీ స్టాండు, గోడ పగుళ్లు, గొట్టం చుట్టూ మాత్రమే డెల్టామెత్రిన్ అనే పురుగుమందు కొట్టారు. కిటికీ మూసి ఉంచి, నాలుగు గంటలు ఆ గదిలోకి పిల్లవాణ్ని రానివ్వవద్దన్నారు. చేపల తొట్టి గురించి ఆయనే అడిగారు.

వల అదే రోజు కట్టారు. చతురస్రపు కన్ను యాభై మిల్లీమీటర్లు, పావురం దూరలేదు గానీ గాలీ వెలుతురూ తగ్గవు. గోడకు స్టీలు కొక్కేలు కొట్టి చుట్టూ తాడు బిగించి వలను దానికి అల్లారు. చదరపు అడుగు ఇరవై రెండు రూపాయల లెక్కన 110 చదరపు అడుగులకు 2,420 రూపాయలు, గూడు తీసి కడిగినందుకు 1,500, మందుకు 800. లెక్కలో నాకు అనుమానం ఏమీ లేదు, కొలత మా ఎదురుగానే వేశారు.

లోపాలు కూడా ఉన్నాయి. ఆలస్యం సంగతి ముందే చెప్పాను, ఫోన్ చేసి రెండు రోజులు ఆలస్యమవుతుందని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కుర్రాడు ముక్కుకు ఏమీ కట్టుకోకుండానే పనికి దిగబోతే నేనే మాస్కూ చేతి తొడుగులూ ఇచ్చాను. రోజూ రెట్ట గోకే మనిషికి అవి యజమాని ఇవ్వాలి, ఈ విషయంలో పెద్దాయన చెప్పిన సమాధానం నాకు నచ్చలేదు. వల కుడివైపు కింది మూల మురుగు గొట్టం దగ్గర నాలుగు వేళ్లు దూరేంత సందు వదిలేశారు, మర్నాడే ఒక పావురం అక్కడ తల దూర్చి చూస్తుంటే మళ్లీ పిలిపించి కుట్టించుకున్నాం. ఏసీ మెకానిక్ అవుట్‌డోర్ యూనిట్‌ను అందుకోవడానికి వలలో తెరిచి కట్టుకునే వీలు పెట్టలేదు. అడిగాక ఒక పక్క అల్లిక విప్పి కొక్కేలకు తగిలించే విధంగా మార్చారు గానీ, కొలతలు తీసుకున్న రోజే ఆలోచించాల్సిన విషయం అది. రసీదు అడిగితే తప్ప ఇవ్వలేదు.

గూడు తీశాక కూడా మూడు వారాలు టేపు మార్చుతూ లెక్క రాయడం మానవద్దని ఆయన చెప్పారు. తిండి లేకపోయినా ఈ పేలు వెంటనే చావవు, ఒక జాతి రెండు మూడు వారాలు, ఇంకో జాతి చల్లటి చోట నెలల తరబడి బతకగలవు. మే 19న తొమ్మిది, 22న నాలుగు, 30న ఒకటి. అదే ఆఖరిది. అయినా జూన్ మొదటి వారం దాకా రాత్రి దుప్పటి కప్పుకోగానే ఒంటి మీద ఏదో పాకుతున్నట్టే ఉండేది, లేచి లైటు వేసి చూస్తే ఏమీ ఉండేది కాదు. మా అబ్బాయి కూడా అలాగే లేచి కూర్చునేవాడు. ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరినీ అనుమానం జబ్బని కసరకూడదు. నెలల తరబడి నిజంగానే కుట్టించుకున్న చర్మం అంత త్వరగా నమ్మదు. నేను వాణ్ని చేయిపట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి శుభ్రంగా ఉన్న టేపు చూపించి, పుస్తకంలో సున్నా వాడిచేతే రాయించేదాన్ని. నాలుగైదు రోజులకు వాడు లేవడం మానేశాడు.

ఈ సంగతి బయటికి చెప్పుకోవడానికి మేము మొదట సిగ్గుపడ్డాం, ఇల్లు మురికిగా ఉంచుకుంటారని అనుకుంటారేమోనని. అసోసియేషన్ సమావేశంలో చెప్పాక మా బ్లాకులోనే మరో రెండు ఇళ్లవారు తమ పిల్లలకూ ఇవే దద్దుర్లని, గజ్జి క్రీము రాస్తున్నామని చెప్పారు, రెండు చోట్లా ఏసీ వెనుక గూళ్లు దొరికాయి. మేడ మీద రోజూ పొద్దున్నే జొన్నలు చల్లే పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనది పుణ్యమనే నమ్మకం, దాన్ని నేను తక్కువ చేయను. 2025లో ముంబయిలో పావురాలకు గింజలు వేసే దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్‌తో కప్పినప్పుడు ఎంత గొడవ జరిగిందో అందరం చూశాం, ఈ మాట ఎత్తడం ఎంత సున్నితమైన విషయమో తెలుసు. మా అత్తగారే ఆయనతో మాట్లాడారు, బస్తాలో సగం రెట్ట సంగతి, మనవడి మెడ సంగతి చెప్పారు. ఆయన ఇప్పుడు గింజలు మేడ మీద కాకుండా, నడకకు వెళ్లేటప్పుడు చెరువు గట్టు మీద వేసి వస్తున్నారు.

మొదటి సేవకు అయిదుకు ఒకటి ఇస్తాను, అది కూడా చెప్పిన సమయానికి వచ్చినందుకు. రెండోదానికి నాలుగు. ఫోన్ చేసేవారు ఎవరైనా సరే, గూడు ఎక్కడుందో వెతుకుతారా, గుడ్లో పిల్లలో ఉంటే ఏమి చేస్తారు, లోపలికి వచ్చే సందులు మూస్తారా, మందు ఎక్కడ కొడతారు అని ముందే అడగండి. పరుపు మీద కొడతామన్న సమాధానం వస్తే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

వలకు రెండేళ్ల హామీ అని రసీదు మీద చేత్తో రాయించుకున్నాం. జూన్ రెండో వారంలో పెద్ద గాలివాన వచ్చిన మర్నాడు పెద్దాయన తనంతట తానే వచ్చి కొక్కేలు ఒక్కొక్కటీ లాగి చూసి, మురుగు గొట్టం పక్క మూలలో వదులైన రెండు ముడులు మళ్లీ బిగించి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు. కుర్రాడు ఈసారి మాస్కు కట్టుకునే వచ్చాడు.